కలెక్టరేట్ గేటు దగ్గర చోటు ఎవరి బండికి?

ఉత్తర తెలంగాణ జిల్లాల్లో సోమవారం అంటే అధికారులు జనం మొర వినే ప్రజావాణి. పాసుపుస్తకంలో గుంటలు తక్కువ పడ్డ రైతు, పింఛను ఆగిపోయిన ముసలమ్మ, ఇంటి జాగా కోసం ఏళ్లుగా తిరుగుతున్న కూలీ, ఊరి బాట మూసేశారని మొరపెట్టుకునేవాళ్లు, అందరూ దరఖాస్తు చేతబట్టుకుని కలెక్టరేట్ దారి పడతారు. కరీంనగర్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా ఆ పొద్దున కలెక్టరేట్ ముందున్న రోడ్డు చిక్కి సగమవుతుంది. గేటు పక్కన మోటారు సైకిళ్ల వరస, దాన్ని ఆనుకుని మరో వరస. షేర్ ఆటోలు నడిరోడ్డు మీదే మనుషుల్ని దించుతాయి. ఏదైనా సంఘం ధర్నాకు పిలుపిస్తే డీసీఎం వ్యాన్లు కూడా తోడవుతాయి. లోపల మాత్రం పోర్టికో కింద అధికారుల కార్లు, ప్రహరీ వెంబడి చెట్ల నీడన ఉద్యోగుల బండ్లు అప్పటికే సర్దుకుని ఉంటాయి.

బయట రోడ్డు మీద మిగిలిన బండ్లలో ఎక్కువ దరఖాస్తుదారులవి. ట్రాఫిక్ పోలీసు ఫొటో తీస్తే చలానా పడేదీ వాటికే. మారుమూల మండలం నుంచి పెట్రోలు పోయించుకుని వచ్చి, అరగంట పని కోసం ఆగిన మనిషికి ఆఫీసు ఆవరణలో చోటు ఉండదు. సాయంత్రం దాకా కదలని బండికి గుమ్మం పక్కనే నీడ ఉంటుంది. ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ ట్రాఫిక్‌ను దారికి తేవాలంటే మొదట తేల్చుకోవాల్సిన విషయం ఇదే. స్థలం ఎంత ఉందన్నది తర్వాతి ప్రశ్న. ఉన్న స్థలం ఎవరికి, ఎంతసేపటికి ఇస్తున్నామన్నది ముందు ప్రశ్న.

ఈ ఇరుకు వెనక నూరేళ్ల పైబడిన చరిత్ర ఉంది. నిజాం ప్రభుత్వం 1905లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు ఎలగందుల జిల్లా కరీంనగర్ జిల్లా అయింది. అదే ఏడాది ఏర్పడిన ఆదిలాబాద్ జిల్లాకు మొదట ఆసిఫాబాద్ కేంద్రంగా ఉండేది. 1941లో ఆ కేంద్రం ఆదిలాబాద్ పట్టణానికి మారింది. ఆనాటి ఆలోచన ప్రకారం కచేరీ, కోర్టు, ఖజానా, ఠాణా, దవాఖానా దగ్గర దగ్గరగా ఉండటమే మేలు. ఎడ్లబండి మీదో కాలినడకనో వచ్చిన రైతు ఒక్క పూటలో నాలుగు పనులూ ముగించుకుని మళ్లీ ఊరి తొవ్వ పట్టగలగాలి. ఆ కాలానికి అది చక్కటి ఏర్పాటు. కానీ అప్పుడు కలెక్టర్ దగ్గరికి మోటారు బండి మీద వచ్చే మనుషులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. రోడ్ల వెడల్పు, గేట్ల వెడల్పు, ఆవరణల వైశాల్యం అన్నీ ఆ లెక్కకు తగ్గట్టే ఏర్పడ్డాయి.

ఆ తర్వాత బండ్లు పెరిగాయి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014 నాటికి 70 లక్షల పైచిలుకు ఉన్న వాహనాలు 2023 నాటికి కోటిన్నర దాటాయి. వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు మోటారు సైకిళ్లు, స్కూటర్లే. 2011 జనాభా లెక్కల ప్రకారం కరీంనగర్ నగరంలో ఉన్నది 2.61 లక్షల మంది. ఆదిలాబాద్ పట్టణంలో 1.17 లక్షల మంది. కానీ పనిరోజున ఈ రెండు ఊళ్ల రోడ్ల మీద తిరిగేది ఊళ్లో ఉండేవాళ్లే కాదు, జిల్లా అంతా. కోర్టు వాయిదా, ట్రెజరీ బిల్లు, ఆసుపత్రి, కులధ్రువీకరణ పత్రం, ఇలా ప్రతి పనీ ఒక బండిని ఊరు దాటించి జిల్లా కేంద్రానికి తెస్తుంది. రోడ్లు కూడా ఆ రాకను సులువు చేస్తున్నాయి. హైదరాబాద్ నుంచి కరీంనగర్ మీదుగా రామగుండం వెళ్లే రాజీవ్ రహదారి ఎప్పటి నుంచో ఉంది. జాతీయ రహదారి 563లో భాగంగా కరీంనగర్ నుంచి వరంగల్ దాకా 68 కిలోమీటర్లు నాలుగు వరసలుగా వెడల్పు చేసే పనికి 2023 జులై 8న ప్రధాని వరంగల్‌లో శంకుస్థాపన చేశారు. నాలుగు వరసల మీద హాయిగా వచ్చిన కారు చివరికి నిలవాల్సింది మాత్రం కోర్టు చౌరస్తా చుట్టుపక్కల ఉన్న ఆ పాత రోడ్డు మీదే.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. కారు నిలవడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు కావాలి. అయితే లోపలికి వచ్చి, తిరిగి, బయటపడే తోవ కూడా కలిపితే ఆరుబయట ఒక్కో కారుకు 23 చదరపు మీటర్లు అవసరమని భవన నిర్మాణ ప్రమాణాలు చెబుతాయి. సెల్లారులో అయితే స్తంభాలూ ర్యాంపూ కలిసి 32 చదరపు మీటర్లు. అంటే ఎకరం జాగా మొత్తం చదును చేసి ఇచ్చినా పట్టేది సుమారు 175 కార్లే. అదే ఒక కారు నిలిచే చోట ఆరు మోటారు సైకిళ్లు నిలుస్తాయి. బండ్లలో మూడు వంతులు ద్విచక్ర వాహనాలైన రాష్ట్రంలో, ఆఫీసు ఆవరణల్లో గీతలు గీసేటప్పుడు మాత్రం అత్యధిక భాగం కార్లకే పోతోంది.

మరో లెక్క ఇంకా ముఖ్యమైనది. రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాల పనివేళలు పదిన్నర నుంచి ఐదు దాకా, ఆరున్నర గంటలు. ఆ చోటులో ఉద్యోగి బండి ఒకటి నిలిస్తే ఆ రోజుకు అది ఒక్కరికే పనికొచ్చింది. అరగంటకొకటి చొప్పున మారే బండ్లకు ఇస్తే పదమూడు మందికి అందుతుంది. మధ్యలో ఖాళీలు, ఆలస్యాలు తీసేసినా ఎనిమిది, తొమ్మిది మందికి తప్పకుండా సరిపోతుంది. కాబట్టి గేటుకు దగ్గరి చోటు వచ్చిపోయేవాళ్లకూ, కాస్త దూరంగా ఉన్న చోటు పొద్దంతా నిలిపేవాళ్లకూ ఇవ్వడం న్యాయమే కాదు, గణితం కూడా. ఉద్యోగి రోజుకు రెండుసార్లు నాలుగైదు నిమిషాలు నడిస్తే సరిపోతుంది. మోకాళ్ల నొప్పులతో వచ్చిన పింఛనుదారుకు అదే నడక పెద్ద పరీక్ష.

నడవలేనివాళ్ల విషయంలో చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజా భవనాలన్నిటినీ, నిబంధనలు నోటిఫై అయిన నాటి నుంచి ఐదేళ్లలో అందరికీ అందుబాటులోకి తేవాలంది. నిబంధనలు వచ్చింది 2017 జూన్‌లో. గడువు 2022లోనే తీరిపోయింది. ప్రధాన ద్వారానికి 30 మీటర్ల లోపు కనీసం రెండు కార్లకు, ఒక్కొక్కటి 3.6 మీటర్ల వెడల్పుతో ప్రత్యేక చోటు ఉండాలని కేంద్రం మార్గదర్శకాలు చెబుతున్నాయి. వెడల్పు ఎక్కువ ఎందుకంటే కారు తలుపు తీసి పక్కన చక్రాల కుర్చీ దించుకోవడానికి. రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఇలాంటి ప్రమాణాలను సలహాలుగా వదిలేస్తే చాలదనీ, తప్పనిసరి నియమాలుగా చేయాలనీ తీర్పు చెప్పింది. నేల మీద చక్రాల కుర్చీ బొమ్మ వేసి, దాని మీదే అధికారి కారు నిలిపితే ఆ తీర్పును తొక్కినట్టే.

రోడ్డు మీద బండి ఎక్కడ నిలపకూడదో చాలామందికి తెలియదు గానీ, నియమాలు పాతవే. 1989లో వచ్చిన రోడ్డు నియమాల్లోనూ, వాటి స్థానంలో 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఆ జాబితా ఉంది. కూడళ్ల దగ్గర, ఫుట్‌పాత్ మీద, పాదచారులు దాటే చోట, బస్టాపు దగ్గర, బడి, ఆసుపత్రి ద్వారాల ముందు, ఏ ఆవరణకైనా దారికి అడ్డంగా నిలపరాదు. నిలిపిన బండి పక్కనే మరో బండి రెండో వరసగా పెట్టరాదు. కలెక్టరేట్ గేటు ముందు కనిపించేవి సరిగ్గా ఇవే తప్పులు.

అయితే మోటారు వాహనాల చట్టంలో శిక్షల సెక్షన్ల గురించి జరిగినంత చర్చ 117వ సెక్షన్ గురించి జరగదు. రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారం ఇచ్చిన సంస్థ గానీ, స్థానిక సంస్థతో సంప్రదించి బండ్లు ఎక్కడ నిలపవచ్చో నిర్ణయించవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. నిలపకూడని చోటు చూపే ముందు నిలపాల్సిన చోటు చూపమని దాని సారం. పోలీసు కమిషనరేట్, మునిసిపల్ కార్పొరేషన్, కలెక్టరేట్ ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటే తప్ప అది జరగదు. కరీంనగర్‌కు 2005 నుంచి మునిసిపల్ కార్పొరేషన్, 2016 నుంచి పోలీసు కమిషనరేట్ ఉన్నాయి. 2017లో స్మార్ట్ సిటీ పథకంలోనూ చోటు దక్కింది. రోడ్లు, కూడళ్లు, కమాండ్ కంట్రోల్ సెంటర్ ఆ డబ్బుతో సమకూరాయి. కెమెరాలు తప్పు చేసిన బండిని పట్టిస్తాయి. ఆ బండి పోయి నిలవాల్సిన చోటు చూపించే పని కెమెరాలది కాదు.

జరిమానాల కథ వేరు. 2019 సెప్టెంబరు నుంచి కేంద్రం సాధారణ ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానాను వంద నుంచి 500 రూపాయలకు పెంచింది. మళ్లీ చేస్తే 1,500. తెలంగాణ ఆ పెంపును అమలు చేయబోదని అప్పటి ముఖ్యమంత్రి శాసనసభలోనే ప్రకటించారు. హైదరాబాద్‌లో మాత్రం ట్రాఫిక్ పోలీసులు 2022 అక్టోబరు 3న ఆపరేషన్ రోప్ మొదలుపెట్టి, అడ్డంగా నిలిపిన బండ్లను లాక్కెళ్లడం, చలానాలు వేయడం ముమ్మరం చేశారు. మరోవైపు పేరుకుపోయిన చలానాలపై రాయితీలు వచ్చాయి. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం మాఫీ. 2023 డిసెంబరులో 80 శాతం మాఫీ. పేదవాడికి భారం తగ్గిందని సంతోషించాల్సిందే. కానీ చలానా వెంటనే కట్టినవాడు మొత్తం కట్టాడు, కట్టకుండా కూర్చున్నవాడు పావలా వంతు కట్టాడు. ఇలా రెండుసార్లు జరిగాక ఎర్ర రంగు బోర్డు మీద రాసిన అంకెకు ఎవరు జడుస్తారు? జరిమానా చిన్నదైనా సరే, తప్పనిసరిగా పడుతుందన్న నమ్మకమే మనిషి నడత మారుస్తుంది.

రుసుము సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2018 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన పార్కింగ్ విధానం ప్రకారం మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంటకు ఎవరి దగ్గరా రుసుము తీసుకోకూడదు. ఆ తర్వాత అక్కడ కొన్న వస్తువు బిల్లును బట్టి మినహాయింపు. వ్యాపార స్థలంలోనే అరగంట ఉచితమన్నప్పుడు, ప్రభుత్వ ఆసుపత్రి గేటు దగ్గర రోగి బంధువు చేతిలో చీటీ పెట్టి డబ్బు అడగడం ఏ రకంగా సబబు? పార్కింగ్‌ను కాంట్రాక్టుకు ఇవ్వడం తప్పు కాదు. చూసుకునే మనిషి ఉంటే వరస తప్పదు, దొంగతనాలు తగ్గుతాయి. కానీ ప్రభుత్వ కార్యాలయానికి పౌరుడు సరదాకు రాడు. అరగంటో గంటో ఉచితంగా ఇచ్చి, పొద్దంతా నిలిపేవాళ్ల దగ్గర రుసుము తీసుకోవడం మేలు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా నిలిపిన బండి ఆక్రమించే నేల విలువ పార్కింగ్ రుసుములో కనిపించాలనే చెప్పింది.

రుసుముకు అమెరికాలో పుట్టిల్లు ఒక్లహామా సిటీ. 1935 జులై 16న ప్రపంచంలోనే మొదటి పార్కింగ్ మీటరు అక్కడి వీధిలో నిలబెట్టారు. ధర గంటకు ఐదు సెంట్లు. బజారులో పనిచేసేవాళ్ల కార్లే పొద్దంతా రోడ్డు పక్కన నిలిచి, కొనడానికి వచ్చినవాళ్లకు చోటు దొరకకపోవడమే ఆ మీటరుకు కారణం. మన కలెక్టరేట్ గొడవా అదే కదా. ఈ విషయం మీద జీవితమంతా పనిచేసిన డొనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు 2005లో ప్రచురించిన గ్రంథంలో, 1927 నుంచి 2001 దాకా వేర్వేరు నగరాల్లో జరిగిన 16 అధ్యయనాలను పోగుచేశాడు. రద్దీ బజార్లలో తిరిగే కార్లలో సగటున 30 శాతం ఎక్కడికీ పోవడం లేదు, నిలపడానికి చోటు వెతుక్కుంటూ తిరుగుతున్నాయి. ఒక్కో కారు వెతుకులాటకు ఎనిమిది నిమిషాలు పట్టింది. అవి ఎంపిక చేసిన రద్దీ చోట్ల లెక్కలు, ప్రతి ఊరికీ అలాగే అతికించలేం. కానీ ప్రజావాణి రోజున కలెక్టరేట్ చుట్టూ మూడుసార్లు తిరిగే ఆటోను చూసినవాళ్లకు ఆ సంగతి అర్థమవుతుంది.

అదే ఒక్లహామా సిటీ పేరు అరవై ఏళ్ల తర్వాత మరో కారణంగా ప్రపంచమంతా మారుమోగింది. 1995 ఏప్రిల్ 19న ఆల్ఫ్రెడ్ మర్రా ఫెడరల్ భవనం ముందు నిలిపిన అద్దె ట్రక్కులో పేలుడు జరిగి 168 మంది చనిపోయారు. వాళ్లలో 19 మంది పసిపిల్లలు. ట్రక్కు భవనం గోడకు కొద్ది అడుగుల దూరంలో, రోడ్డు పక్కనే నిలిచి ఉంది. పేలుడు తాకిడి దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా తగ్గిపోతుంది. అందుకే ఆ ఘటన తర్వాత ప్రభుత్వ భవనాల గోడలకు ఆనుకుని బండ్లు నిలపనివ్వకపోవడం భద్రతలో తొలి సూత్రమైంది. నెల తిరగగానే, మే 20న, వైట్ హౌస్ ముందున్న పెన్సిల్వేనియా అవెన్యూ భాగంలో వాహనాలు ఆపేశారు. గమనించాల్సిందేమిటంటే, ఆపింది వాహనాలనే. మనుషులు ఇవాళ్టికీ అక్కడ నడుస్తారు, సైకిలు తొక్కుతారు, నినాదాలు చేస్తారు.

మన దేశంలో ఇంకా దగ్గరి ఉదాహరణలు ఉన్నాయి. 2016 జూన్ 15న కేరళలోని కొల్లం కలెక్టరేట్ ఆవరణలో బాంబు పేలింది. దాన్ని పెట్టింది వాడకం లేక పడి ఉన్న ప్రభుత్వ జీపులో. ఒకరు గాయపడ్డారు. అదే ఏడాది నవంబరు 1న మలప్పురం సివిల్ స్టేషన్ ఆవరణలో కోర్టు ఎదుట నిలిపిన కారు దగ్గర పేలుడు జరిగింది. అంతకు ముందు 2001 డిసెంబరు 13న పార్లమెంటులోకి చొరబడిన తెల్ల అంబాసిడర్ కారుకు హోం శాఖ స్టిక్కర్ అంటించి ఉంది. ఈ మూడు ఘటనలనూ కలిపి చూస్తే తేలేదొకటే. భద్రత పేరుతో మొదట ఆపేది దరఖాస్తు పట్టుకున్న ముసలాయన పాత టీవీఎస్‌ను. ఏ తనిఖీ లేకుండా లోపలికి పోయేది స్టిక్కర్ ఉన్న కారు. ఏళ్ల తరబడి ఎవరూ తాకనిది మూలన తుప్పుపట్టిన ప్రభుత్వ జీపు. ముప్పు మాత్రం వచ్చింది స్టిక్కర్ దారిన, తుప్పు జీపు దారిన.

ఆ తుప్పు జీపుల గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. కలెక్టరేట్లు, తహసీల్ ఆఫీసులు, ఎక్సైజ్ స్టేషన్లు, ఠాణాలు ఎక్కడ చూసినా టైర్లు దిగిపోయి, తీగలు అల్లుకున్న బండ్లు కనిపిస్తాయి. కొన్ని ప్రభుత్వానివే, కొన్ని కేసుల్లో పట్టుబడ్డవి. ఇసుక ట్రాక్టర్లు, గుడుంబా మోసిన ఆటోలు, ప్రమాదాల్లో నుజ్జయిన బైకులు. ప్రభుత్వ వాహనాల్లో పదిహేనేళ్లు దాటినవాటి రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లకుండా కేంద్రం నియమం తెచ్చింది. పట్టుబడ్డ వాహనాల విషయంలో సుప్రీంకోర్టు 2002లోనే, సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో, వాటిని ఠాణాల్లో ఏళ్ల తరబడి కుళ్లబెట్టడం ఎవరికీ మేలు కాదని స్పష్టంగా చెప్పింది. 2024 జులై నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. స్వాధీనం చేసుకున్న వస్తువుల వివరాలు రాసుకుని, ఫొటోలు, వీడియోలు తీయించి, ఆపై 30 రోజుల్లో మేజిస్ట్రేటు వాటిని ఏం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి. ఫొటోయే సాక్ష్యంగా చెల్లుతుంది. అంటే ఎన్నో ఆవరణల్లో కొత్తగా ఒక్క గజం కొనకుండానే పార్కింగ్ జాగా దొరుకుతుంది. కొల్లం అనుభవం చూశాక అది భద్రతకూ మేలు.

అగ్నిమాపక శకటం సంగతి ఇంకొకటి. పెద్ద భవనాల ఆవరణకు ప్రధాన ద్వారం ఆరు మీటర్ల వెడల్పు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. కాగితం మీద ఆరు మీటర్ల గేటు ఉండవచ్చు. దానికి అటూ ఇటూ బైకులు నిలిచాక మిగిలేది ఎంత? జిల్లా కేంద్రాల రికార్డు గదుల్లో ఖాస్రా పహాణీలు, సేత్వార్‌లు, ఉర్దూలో రాసిన పాత భూమి లెక్కలు ఉన్నాయి. లక్షల కుటుంబాల భూమి హక్కు ఆ కట్టల్లో ఉంది. వాటి దాకా ఫైరింజన్ చేరే దారిని ఒక్క పూట కూడా మూయనివ్వకూడదు.

ఆసుపత్రి దగ్గర ఆ దారి విలువ నిమిషాల్లో తెలుస్తుంది. ఆదిలాబాద్‌లో 2008లో మొదలైన రిమ్స్ ఆసుపత్రికి ఏజెన్సీ గూడేల నుంచీ, సరిహద్దు దాటి మహారాష్ట్ర పల్లెల నుంచీ రోగులు వస్తారు. వానాకాలం జ్వరాల రోజుల్లో తాకిడి మరీ ఎక్కువ. అంబులెన్స్ దారికి పసుపు గీతలు గీసి, ఆ గీతల లోపల నిలిపిన బండిని మరుక్షణం తీయించే మనిషిని ఇరవై నాలుగు గంటలూ ఉంచాలి. అక్కడ రాయితీ ఉండకూడదు, హోదా చూడకూడదు. రోగిని దింపిన ఆటోకు మాత్రం రెండు నిమిషాలు ఆగే చోటు తప్పక ఉండాలి. ఆటోవాడు రోడ్డు మధ్యలో ఆపుతున్నాడని తిట్టేముందు, అతను ఆపడానికి ఎక్కడ చోటు ఉంచారో కూడా అడగాలి.

కోర్టుల దగ్గర రద్దీ తీరు వేరు. వాయిదాకు వచ్చిన కక్షిదారు ఎప్పుడు పిలుస్తారో తెలియక పొద్దంతా ఉంటాడు. చుట్టూ టైపు మిషన్లు, జిరాక్సు బడ్డీలు, స్టాంపులు అమ్మేవాళ్లు, దస్తావేజు లేఖరులు, చాయ్ బండ్లు. వీళ్లను ఆక్రమణదారులని ఊడ్చేస్తే రోడ్డు రెండు రోజులు ఖాళీగా ఉంటుంది, మూడో రోజు మళ్లీ వస్తారు. ఎందుకంటే వాళ్ల పని కోర్టుకూ అవసరమే. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీ వాళ్లకు చోటు కేటాయించాలి. ఆవరణ ప్రహరీని కొద్దిగా వెనక్కి జరిపి వరసగా గదులు కట్టిస్తే రోడ్డు రోడ్డుగా మిగులుతుంది, బతుకుదెరువూ నిలుస్తుంది.

ఇరుకుకు విరుగుడుగా కార్యాలయాలన్నీ ఊరి బయటికి మార్చే దారి ఈ పదేళ్లలో గట్టిగానే నడిచింది. 2016 అక్టోబరు 11న, దసరా రోజు, కరీంనగర్ జిల్లా నుంచి పెద్దపల్లి, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. తర్వాత వీటికి సమీకృత జిల్లా కార్యాలయాల సముదాయాలు కట్టారు. సిరిసిల్లది 2021 జులైలో, పెద్దపల్లిది 2022 ఆగస్టులో, జగిత్యాలది అదే ఏడాది డిసెంబరులో, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ సముదాయాలు 2023 జూన్‌లో మొదలయ్యాయి. విశాలమైన ఆవరణలు, బండ్లకు కావలసినంత చోటు. బెజ్జూరు, కౌటాల మనుషులు ఇదివరకు జిల్లా దాటినంత దూరం ఆదిలాబాద్ వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు ఆసిఫాబాద్‌తో సరిపోతుంది. పాత జిల్లా కేంద్రాల రోడ్ల మీద ఆ మేరకు బండ్లు తగ్గినట్టే. చిన్న జిల్లాల గురించి ఎన్ని విమర్శలున్నా ఈ ఒక్క మేలును కాదనలేం.

అయితే కొత్త చోట కొత్త చిక్కు ఉంది. పెద్దపల్లి సముదాయం పెద్దకల్వల దగ్గర, మంచిర్యాలది నస్పూర్‌లో, సిరిసిల్లది రగుడు దగ్గర. బస్టాండులో దిగిన మనిషి నడిచి పోలేడు. ఆటో ఎక్కాలి, లేదా సొంత బండి తేవాలి. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సు ఉచితం. కానీ ఆ బస్సు కలెక్టరేట్ గేటు దాకా రాకపోతే పింఛను కోసం వచ్చిన అమ్మ చివరి నాలుగు కిలోమీటర్లకు డబ్బు పెట్టుకోవాల్సిందే. సోమవారం పొద్దున పదింటికి సముదాయానికి, మధ్యాహ్నం రెండింటికి తిరిగి బస్టాండుకు నాలుగు ట్రిప్పులు వేస్తే ఎన్నో మోటారు సైకిళ్లు ఊళ్లోనే ఆగిపోతాయి. పార్కింగ్ జాగా ఎంత పెంచినా ఒక బస్సు చేసే పని అది చేయలేదు.

ఇక పని ఎక్కడ జరగాలన్న నిర్ణయాలు కూడా ట్రాఫిక్‌ను మారుస్తాయి. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలయ్యాక వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల నుంచి తహసీల్దార్ల దగ్గరికి వచ్చాయి. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చాకా ఆ ఏర్పాటు అలాగే ఉంది. ఒక్కో రిజిస్ట్రేషన్‌కు అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, సాక్షులు, మధ్యవర్తి అందరూ కలిసి నాలుగైదు బండ్ల మీద వస్తారు. నాలుగు గదులున్న మండల కార్యాలయం ముందు ఆ బండ్లు ఎక్కడ నిలవాలన్న ఆలోచన మాత్రం వాటితో పాటు రాలేదు. కరీంనగర్‌లో రవాణా శాఖ కార్యాలయం తిమ్మాపూర్‌లో ఉండటం వల్ల లైసెన్సు పరీక్షలకు వచ్చే బండ్ల రద్దీ నగరం నడిబొడ్డున లేదు. 2011 నుంచి మీ సేవ కేంద్రాలు ఎన్నో సర్టిఫికెట్ల కోసం జిల్లా కేంద్రానికి వచ్చే అవసరం తప్పించాయి. అసలు రాకుండానే పూర్తయిన పనికి పార్కింగ్ అక్కర్లేదు.

జనం రాకుండా అధికారులే వాళ్ల దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన ఆదిలాబాద్‌కు కొత్తదేమీ కాదు. కుమురం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చొరవతో 1940లలో కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. గోండులు, కొలాములు కొండలు దిగి కచేరీల చుట్టూ తిరగలేరు కాబట్టి అధికారులే జాతరకు వెళ్లి వాళ్ల మొర వినేవారు. ఆ దర్బారు ఇప్పటికీ జరుగుతోంది. నెలలో ఒక సోమవారం ప్రజావాణిని ఉట్నూరులోనో బోథ్‌లోనో, ఇటు హుజూరాబాద్‌లోనో పెడితే ఆ రోజుకు జిల్లా కేంద్రం రోడ్లు తేరుకుంటాయి, దరఖాస్తుదారుకు కూలీ మిగులుతుంది.

వాహనాలను కఠినంగా అదుపు చేసిన ఊరు చూడాలంటే సిమ్లా ఉంది. ఇరుకు కొండ మీద రాష్ట్ర రాజధాని. అక్కడ 2007లో ప్రత్యేక చట్టమే చేసి, కొన్ని రోడ్లను పూర్తిగా మూసి, కొన్నిటికి పర్మిట్ పెట్టారు. అత్యవసర వాహనాల వంటి కొన్ని మినహాయింపులు తప్ప మిగతావాళ్లు ఆ పర్మిట్ తీసుకోవాలి. చట్టం మంచిదే. కానీ పర్మిట్లు ఎవరెవరికి ఇస్తున్నారన్న దాని మీద హైకోర్టులో వ్యాజ్యాలు నడిచాయి. జపాన్ ఇంకో దారి పట్టింది. 1962 నాటి చట్టం ప్రకారం కారు కొనాలంటే అది నిలపడానికి సొంత చోటో అద్దె చోటో ఉందని పోలీసుల దగ్గర ధ్రువపత్రం తెచ్చుకోవాలి. మన ఊళ్లలో అది ఇప్పట్లో కుదిరే పని కాదు గానీ, ప్రభుత్వ శాఖలకైనా వర్తింపజేయవచ్చు. ఒక శాఖ కొత్త కారు కొంటున్నా, అద్దెకు పెట్టుకుంటున్నా అది నిలిచే చోటు ఫలానా అని ఫైలులో రాయమంటే చాలు.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. కలెక్టరేట్ ముందు రోడ్డు రాకపోకలకే కాదు, నిరసనకు కూడా. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, రైతులు, విద్యార్థులు తమ గోడు చెప్పుకోవడానికి వచ్చేది అక్కడికే. పోలీసు చట్టం 30వ సెక్షన్ పేరుతోనో, ట్రాఫిక్ పేరుతోనో వాళ్లను దూరం నెట్టడానికి పార్కింగ్ నియమాలు సాకు కాకూడదు. వాళ్లు కూర్చోవడానికి గేటుకు కనిపించే దూరంలో చోటు, వాళ్ల వ్యాన్లకు ఇంకాస్త దూరంలో మరో చోటు ముందే గుర్తించి పెడితే ఎవరి దారీ మూసుకుపోదు.

వీటన్నిటికీ ముందు చేయాల్సిన పని ఖర్చు లేనిది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పార్కింగ్ మార్గదర్శకాల్లో ఉన్న సర్వే పద్ధతి చాలా సులువు. ఒక మనిషి కాగితం పట్టుకుని అరగంటకోసారి ఆవరణలో, బయట రోడ్డు మీద నిలిచిన బండ్ల నంబర్లు రాసుకుంటాడు. సాయంత్రానికి ఏ బండి ఎంతసేపు ఉందో, ఎన్ని బండ్లు వచ్చిపోయాయో, గేటు పక్క చోటు ఎవరి చేతిలో ఉందో తేటతెల్లమవుతుంది. కొండగట్టు దగ్గరి జేఎన్‌టీయూ కళాశాల సివిల్ విద్యార్థులకు, ఆదిలాబాద్‌లో పాలిటెక్నిక్ విద్యార్థులకు ఒక సోమవారం, ఒక మామూలు రోజు ఈ పని అప్పజెప్పవచ్చు. ఆ కాగితాలు కలెక్టర్, పోలీసు అధికారి, మునిసిపల్ కమిషనర్ ముందు పెడితే 117వ సెక్షన్ కింద ఏ చోటు ఎవరికి, ఎంతసేపటికి అని రాయడానికి కావలసిన సమాచారమంతా వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఆ ఉత్తర్వులో మొదటి పంక్తి దరఖాస్తుదారుల బండ్ల గురించి, రెండోది దివ్యాంగుల చోటు గురించి, మూడోది అంబులెన్స్, ఫైరింజన్ దారి గురించి ఉండాలి. అధికారుల కార్ల వంతు ఆ తర్వాత.